గుర్రం ఏట పుట్టిన పిల్ల

మా ఆడపడుచు సింగపూరు నుంచి వచ్చినప్పుడల్లా చాక్లెట్లు తెస్తుంది. ఈసారి ఒక కేలెండరు తెచ్చింది. ఎర్రటి ఎరుపు. కళ్ళు జిగేల్‌మనే బంగారు రంగులో పరుగెత్తుతున్న గుర్రం. దాని చుట్టూ గుండ్రంగా పన్నెండు జంతువులు, ఒక్కొక్క దాని కింద ఏవో సంవత్సరాలు.

"చైనావాళ్ళ కేలెండరు వదినా! ఎవరు ఏ జంతువు ఏట పుట్టారో చూసుకోవచ్చు" అని చెప్పి, ఆవిడ హాయిగా కాళ్ళు కడుక్కుని కాఫీకి కూర్చుంది. ఇంక చూడండి, మా ఇంట్లో జంతుప్రదర్శనశాల తలుపులు తెరుచుకున్నాయి.

మా అమ్మాయి 2012లో పుట్టింది. అది డ్రాగన్ ఏడు. పన్నెండింటిలో కళ్ళతో ఎవరూ చూడని జంతువు అదొక్కటే. అయినా అన్నిటికంటే గొప్పది అదేనట. మావారు 1979, అంటే మేక. "గొర్రె అని కూడా అనుకోవచ్చు, వాళ్ళ భాషలో రెండిటికీ ఒకటే మాట" అంది ఆడపడుచు, అన్నగారి మీద ఎంతో ప్రేమతో. ఆయన పేపరు ఇంకాస్త పైకెత్తుకున్నారు.

"అమ్మా, నువ్వు 1983 కదూ? అయితే పంది!" అని ఇల్లెగిరిపోయేలా అరిచింది మా అమ్మాయి. నేను ఊరుకుంటానా! కళ్ళజోడు పెట్టుకుని కేలెండరు కింద ఉన్న చిన్న అక్షరాలు చదివాను. వాళ్ళ ఏడాది జనవరి ఒకటిన మొదలవదు. మన ఉగాదిలాగే చంద్రుణ్ణి బట్టి, జనవరి ఇరవై తర్వాతా ఫిబ్రవరి ఇరవై లోపూ ఎప్పుడో ఒక అమావాస్యనాడు మొదలవుతుంది. పంది ఏడు 1983 ఫిబ్రవరి 13న వచ్చింది. నేను జనవరిలోనే పుట్టాను. కాబట్టి నేను కుక్కని. ఇంత సంతోషంగా నేను కుక్కనని ఎప్పుడూ చెప్పుకోలేదు. తీరా తర్వాత చదివితే, చైనావాళ్ళకి పంది నిండైన సంసారానికీ సుఖానికీ గుర్తట! నోటి దాకా వచ్చిన అదృష్టాన్ని కాలదన్నుకున్నాను.

చిక్కంతా మా అత్తగారి దగ్గర వచ్చింది.

"నాకు తేదీ ఎక్కడేడిసిందే అమ్మాయ్? పుష్కరాలు వెళ్ళిన మూడో నెల అని మా అమ్మ చెప్పేది. పొలంలో కుప్పలు వేస్తున్నారట" అంది ఆవిడ. బడిలో వేసిన తేదీ అయ్యవారు తన ఇష్టం వచ్చినట్టు రాసుకున్నదట. ఎంత లెక్కగట్టినా కోతి ఏడో కోడి ఏడో తేలలేదు. "ఏదైతేనేం, రెండూ మీ మావగారు నన్ను పిలిచిన పేర్లే" అని ఆవిడ మాల కట్టుకోవడానికి వెళ్ళిపోయింది.

అందరం నవ్వుకున్నాం కానీ, ఆ రాత్రి నాకొకటి తట్టింది. పుష్కరం అంటే పన్నెండేళ్ళు. కేలెండరులో జంతువులూ పన్నెండే. ఇది కాకతాళీయమా?

కాదట. బృహస్పతి ఆకాశంలో ఒక చుట్టు చుట్టి రావడానికి పన్నెండేళ్ళకు రవంత తక్కువ పడుతుంది. ఏడాదికో రాశి. గురుడు ఏ రాశిలోకి వస్తే ఆ నదికి మనకు పుష్కరాలు. చైనావాళ్ళు అదే గ్రహానికి 'ఏటి చుక్క' అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. వాళ్ళు కూడా ఆకాశాన్ని పన్నెండు గదులు చేసి, గురుడు ఏ గదిలో ఉన్నాడో చూసి ఏళ్ళు లెక్కపెట్టారు. అంటే మా అత్తగారి వాళ్ళమ్మా, చైనా పల్లెటూరి అమ్మా చూసిన గడియారం ఒకటే. ఒకామె దానికి నది పేరు పెట్టుకుంది, ఇంకొకామె జంతువు పేరు పెట్టుకుంది.

అంతటితో అయిపోలేదు. ఆ పన్నెండు జంతువుల్నీ కట్టె, నిప్పు, మన్ను, లోహం, నీరు అనే ఐదు భూతాలతో జతచేస్తారు. ఒక్కొక్క భూతం రెండేసి ఏళ్ళు ఉంటుంది. కాబట్టి అదే భూతంతో అదే జంతువు మళ్ళీ రావాలంటే అరవై ఏళ్ళు పడుతుంది. మన ప్రభవ, విభవలు కూడా అరవయ్యే కదా! చైనావాళ్ళ అరవైకి మొదలు 1984, మనకు ప్రభవ వచ్చింది 1987లో. మూడేళ్ళ తేడా. ఇక్కడే నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి ఒకటుంది. టిబెట్టువాళ్ళు కూడా కుందేలనీ గుర్రమనీ ఈ జంతువుల పేర్లతోనే ఏళ్ళు చెప్పుకుంటారు కానీ, వాళ్ళ అరవై మాత్రం మన ప్రభవతో పాటే మొదలవుతుంది. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు కూడా ప్రభవ అన్న మాటకు టిబెట్టు తర్జుమాయే. 1027లో కాలచక్ర తంత్రంతో పాటు భారతదేశం నుంచి వెళ్ళిన లెక్క అది. ఆ కాలచక్రాన్ని బుద్ధుడు మొదట బోధించింది ధాన్యకటకంలో, అంటే మన అమరావతిలో, అని వాళ్ళ నమ్మకం. 2006 జనవరిలో దలైలామా అమరావతికి వచ్చి కాలచక్ర ఉత్సవం జరిపింది అందుకే. చైనా జంతువులూ మన సంవత్సరాలూ ఒక్క కంచంలో భోంచేసిన ఇల్లు టిబెట్టు.

అయితే ఈ జంతువులు ఎప్పటివి? స్వర్గాధిపతి పరుగుపందెం పెట్టాడనీ, ఎలుక ఎద్దు వీపెక్కి వచ్చి చివర్లో ముందుకు దూకి మొదటి స్థానం కొట్టేసిందనీ, ఎలుక లేపుతుందని నమ్మి పడుకున్న పిల్లి పందానికే రాలేకపోయిందనీ పిల్లలకు కథ చెబుతారు. (వియత్నాంలో మాత్రం పిల్లికి న్యాయం జరిగింది. అక్కడ కుందేలు స్థానంలో పిల్లి ఉంటుంది.) కానీ చరిత్ర చెప్పే కథ ఇంకా తమాషాగా ఉంది.

1975 చివర్లో హూబే రాష్ట్రంలో షుయిహుది అనే చోట ఒక పాత సమాధి తవ్వారు. క్రీస్తుకు పూర్వం 217 ప్రాంతంలో పోయిన ఒక చిన్న సర్కారు ఉద్యోగిది. బతికున్నన్నాళ్ళూ కాగితాల మధ్య ఉన్నవాడు కాబోలు, పోయాక కూడా ఆయన పక్కన వెయ్యికి పైగా వెదురుబద్దలు పెట్టారు. వాటి మీద చట్టాలూ, మంచిరోజుల పట్టికలూ ఉన్నాయి. అందులో మన పన్నెండు జంతువులు కనిపించాయి. దేనికి? దొంగల్ని పట్టుకోవడానికి! ఎలుక రోజున దొంగతనం జరిగితే ఆ దొంగకు మూతి కోసుగా, గడ్డం పలచగా ఉంటుందనీ, చేతులు నల్లగా ఉండి మొహం మీద మచ్చ ఉంటుందనీ రాసుంది. మన ఊళ్ళో చెంబు పోతే అంజనం వేయించినట్టే! అప్పటికి జట్టు ఇంకా కుదురుకోలేదు. గుర్రం ఉండాల్సిన చోట జింక ఉంది, గుర్రం పక్క గదిలో ఉంది, కుక్క చోట ముసలి గొర్రె ఉంది. ఆ తర్వాత మూడు వందల ఏళ్ళకు, క్రీస్తుశకం ఒకటో శతాబ్దంలో వాంగ్ చోంగ్ అనే ఆయన రాసిన పుస్తకంలో ఇప్పటి పన్నెండూ సరిగ్గా ఉన్నాయి.

ఆయన రాసింది మాత్రం మెచ్చుకోవడానికి కాదు. ఎలుక నీటికి గుర్తు, గుర్రం నిప్పుకు గుర్తు, నీరు నిప్పును గెలుస్తుందంటారు గదా, మరి ఎలుక గుర్రాన్ని ఎందుకు తరమదయ్యా అని అడిగాడు. లోహం కట్టెను గెలుస్తుందంటారు, మరి లోహానికి చెందిన కోడి కట్టెకు చెందిన కుందేల్ని పొడవదేం అని అడిగాడు. పంతొమ్మిది వందల ఏళ్ళ కిందటే ఇలా అడిగిన మనిషి ఉన్నాడంటే నాకు భలే ధైర్యం వచ్చింది. జవాబు ఎవరూ చెప్పలేదనుకోండి, అది వేరే సంగతి.

గుర్తులు ఎలా పుడతాయో చూస్తే ఇంకా నవ్వొస్తుంది. మనకు గబ్బిలం ఇంట్లో దూరితే అపశకునం. చైనాలో పండగ బొమ్మల మీదా, పట్టుబట్టల మీదా, పింగాణీ గిన్నెల మీదా గబ్బిలాలే గబ్బిలాలు! ఎందుకంటే వాళ్ళ భాషలో గబ్బిలాన్నీ భాగ్యాన్నీ 'ఫు' అనే అంటారు. చేపనూ మిగులునూ 'యూ' అనే అంటారు, అందుకని ఏడాది చివరి రాత్రి విందులో చేప ఉండి తీరాలి. గుమ్మానికి భాగ్యం అన్న అక్షరాన్ని తలకిందులుగా అంటిస్తారు. తలకిందులు అన్న మాటా, వచ్చింది అన్న మాటా ఒకేలా వినిపిస్తాయి, అంటే భాగ్యం ఇంటికి వచ్చినట్టే. నాలుగు అన్న మాట చావు అన్న మాటలా వినిపిస్తుంది కాబట్టి పాపం నాలుగుకు మర్యాద లేదు. టపాకాయకు వాళ్ళ మాట 'పేలే వెదురు'. మందుగుండు రాకముందు వెదురుబొంగుల్ని నిప్పులో వేస్తే ఫెళ్ళున పగిలేవి. కొత్త సంవత్సరం నాడు పెరట్లో అలా చేస్తే కొండదయ్యాలు పారిపోతాయని ఆరో శతాబ్దపు పుస్తకంలో రాసుంది.

నాకు అన్నిటికంటే నచ్చినవాడు వాళ్ళ వంటింటి దేవుడు. పొయ్యి పైన కాగితం బొమ్మగా ఏడాదంతా కూర్చుని ఇంట్లో జరిగేవన్నీ చూస్తుంటాడు. ఆఖరి నెలలో ఇరవై మూడో నాడో ఇరవై నాలుగో నాడో పైలోకానికి వెళ్ళి ఆ ఇంటి సంగతులు నివేదిస్తాడు. అందుకని వెళ్ళేముందు ఆయన మూతికి తియ్యటి పాకం పూస్తారు, నోరు తీపై మంచే చెబుతాడనీ, పళ్ళు అంటుకుపోయి అసలు చెప్పలేడనీ! తర్వాత బొమ్మను కాల్చి సాగనంపి, పండగకు కొత్త బొమ్మ పెడతారు. ఎంత ముచ్చటగా ఉందో అనుకున్నాను. ఆ తర్వాతి వాక్యం చదివాను. చాలా చోట్ల ఆ పూజ ఆడవాళ్ళు చెయ్యకూడదట. ఏడాది పొడుగునా ఆ పొయ్యి ముందు పొగ మింగేది ఆవిడ, పూజకు మాత్రం ఆయన! మీకేమైనా కొత్తగా అనిపించిందా? నాకూ అనిపించలేదు.

ఇదంతా చదువుతుంటే ఒక తల్లి కనిపించింది. ఆమె కోసమే ఇవాళ ఇది రాస్తున్నాననుకోండి.

ఆరో శతాబ్దంలో ఉత్తర చైనా రెండు రాజ్యాలుగా చీలి ఉంది. తూర్పున చీ, పడమట జౌ. పడమట రాజ్యంలో అసలు అధికారమంతా యూవెన్ హు అనే వాడి చేతిలో ఉంది. మంచివాడేం కాదు, ముగ్గురు రాజుల్ని చంపించినవాడు. వాడి తల్లి యుద్ధాల గందరగోళంలో తూర్పు రాజ్యంలో చిక్కుకుపోయింది. ముప్ఫై అయిదేళ్ళు గడిచాయి, ఆమె బతికుందో లేదో కూడా కొడుక్కి తెలియదు. 564లో ఆమె పేర ఒక ఉత్తరం వచ్చింది. తూర్పు రాజ్యం వాళ్ళే ఎవరిచేతనో రాయించారు. నిజంగా తన తల్లేనని కొడుకు నమ్మాలి గదా! అందుకు ఆమె ఏం చెప్పుకుందో తెలుసా? వుచువాన్ అనే ఊళ్ళో మీ అన్నదమ్ముల్ని కన్నాననీ, పెద్దవాడిది ఎలుక ఏడనీ, రెండోవాడిది కుందేలనీ, నీది పాము అనీ చెప్పుకుంది. పంతొమ్మిదో ఏట మీ ఇంటికి కోడలిగా వచ్చి ఇప్పుడు ఎనభైకి చేరాననీ, ముగ్గురు కొడుకుల్నీ ముగ్గురు కూతుళ్ళనీ కంటే ఇవాళ కళ్ళెదుట ఒక్కరూ లేరనీ చెప్పుకుంది.

ఇంకా ఉంది. చిన్నప్పుడు నలుగురు కుర్రాళ్ళు కలిసి కోపిష్టి పంతులుగారి మీద కుట్ర పన్నితే, తల్లులందరూ ఎవరి పిల్లవాణ్ణి వాళ్ళు పట్టుకుని కొట్టారట. తల్లి లేని ఒక్క పిల్లవాడు మాత్రం దెబ్బలు తప్పించుకున్నాడట. ఆ ముక్క కూడా గుర్తుచేసింది. ఒక రోజున ఏ రంగు చొక్కా తొడుక్కుని కంచరగాడిదెక్కి వెళ్ళాడో కూడా చెప్పి, చిన్నప్పటి పట్టు చొక్కా ఒకటి ఉత్తరంతో పంపింది. ముగ్గురు రాజుల్ని చంపించినవాడు ఆ ఉత్తరం చదివి ఏడ్చిన ఏడుపుకు చుట్టూ ఉన్నవాళ్ళు తలెత్తి చూడలేకపోయారని వాళ్ళ చరిత్రలో రాశారు. ఎన్నో రాయబారాల తర్వాత ఆ ఏడే ఆమె కొడుకు దగ్గరికి చేరింది.

మనుషులు పుట్టిన ఏడును జంతువుతో చెప్పుకునేవారనడానికి ఈ ఉత్తరం పెద్ద సాక్ష్యమని పండితులు అంటారు. నాకు మాత్రం మా అత్తగారి వాళ్ళమ్మ గుర్తొచ్చింది. చదువురాని తల్లికి కేలెండరెందుకు? పుష్కరాలూ, వరికుప్పలూ, ఎలుకా, కుందేలూ చాలు. పేగు తెంచుకు పుట్టినవాళ్ళ లెక్క ఎక్కడా తప్పదు. ఈ పన్నెండు జంతువులూ లోకానికి చేసిన మేలేదైనా ఉంటే అది ఇదేనని నాకనిపించింది.

మరి కీడు? అదీ చేశాయి.

కేలెండరు మీది గుర్రం మామూలు గుర్రం కాదు, నిప్పు గుర్రం. అరవై ఏళ్ళకోసారి వస్తుంది. 1906, 1966, 2026. చైనా నుంచి ఈ లెక్క జపానుకు వెళ్ళాక అక్కడ దానికో నమ్మకం అంటుకుంది. నిప్పు గుర్రం ఏట పుట్టిన ఆడది మొగుణ్ణి తినేస్తుందని! 1683లో నిప్పంటించిన నేరానికి సజీవదహనమైన ఒషిచి అనే కూరగాయల వ్యాపారి కూతురు, 1666లో, ఆ ఏటే, పుట్టిందని చెప్పుకోవడంతో నమ్మకం మరీ ముదిరింది. మగపిల్లవాడు పుడితే బాధలేదు. ఆడపిల్లకే!

1906లో పుట్టిన ఆడపిల్లల్ని చాలామంది ముందటేడో మరుసటేడో పుట్టినట్టు రాయించుకున్నారు. ఆ దొంగ తేదీలే వాళ్ళకు కవచం. సరే, అది పాతకాలం అనుకుందాం. 1966 సంగతి వినండి. అప్పటికే రెండేళ్ళ కిందట టోక్యోలో ఒలింపిక్సు జరిగాయి, బుల్లెట్ రైలు పరుగెడుతోంది. 1965లో జపానులో 18 లక్షల 20 వేల మంది పిల్లలు పుట్టారు. 1966లో 13 లక్షల 60 వేలు. 1967లో మళ్ళీ 19 లక్షలు దాటారు. ఒక్క ఏడాది దేశంలో ఉయ్యాలల్లో నాలుగోవంతు ఖాళీ!

1966 అన్న అంకె దగ్గర నా వేలు ఆగిపోయింది. మా పిన్ని పుట్టింది 1966లో.

మా పిన్ని శ్రావణమాసంలో, మూలా నక్షత్రంలో పుట్టింది. దానికి తోడు ఆ ఏటి పేరు పరాభవ. వినడానికే బావుంది కదూ! "మూల పిల్ల మామగారికి ఆగదు" అన్న మాట మీరూ వినే ఉంటారు. పిన్నికి ఇరవయ్యో ఏట సంబంధాలు చూడ్డం మొదలుపెట్టారు. మనిషి చక్కనిది, బియ్యే చదివింది, వీణ వాయిస్తుంది. వచ్చినవాళ్ళు ఉప్మా తిని, కాఫీ తాగి, పాట పాడించుకుని వెళ్ళేవారు. తర్వాత జాతకం అడిగేవారు. తర్వాత ఉత్తరం రాదు.

నాకు ఊహ తెలిసేసరికి మా అమ్మమ్మ ఇంట్లో అదొక తంతు. పెళ్ళిళ్ళ పేరయ్య ఒకాయన "నక్షత్రం మార్చి రాయిద్దామండీ" అన్నాడు. ఇంకొకాయన "తండ్రి లేని కుర్రాణ్ణి చూద్దాం, మామగారే లేకపోతే ఇంక గండమేముంది?" అన్నాడు. అప్పుడు పిన్ని లోపలి నుంచి వచ్చి, "ఎవరింట్లోనో ఒకరు పోయి ఉండటం నా పెళ్ళికి అర్హతా బాబాయ్ గారూ?" అని అడిగి లోపలికి వెళ్ళిపోయింది. నేను గుమ్మం పక్కన ఉన్నాను. ఆ రాత్రి పిన్ని వీణకు గుడ్డ కప్పేసింది. ఆ తర్వాత వచ్చినవాళ్ళెవరికీ పాట వినిపించలేదు.

బియ్యీడీ చేసి టీచరైంది. ముప్ఫై రెండో ఏట, 1998లో, తనతో పాటు పనిచేసే మాస్టారు తండ్రిని వెంటబెట్టుకుని వచ్చారు. ఆ పెద్దాయన జాతకం చేతికిస్తే పక్కనబెట్టి, "నన్ను చంపేదైతే మూల కాదమ్మా, చుట్ట" అన్నారు. పెళ్ళయింది. ఆయన మరో ఇరవై మూడేళ్ళు శుభ్రంగా బతికి, ఎనభై ఎనిమిదో ఏట పోయారు. చివరి రెండేళ్ళూ పిన్ని చేత్తో ఇస్తే తప్ప కాఫీ ముట్టలేదు.

ఈ కథ చెబితే అందరూ "చూశారా, అంతా మంచికే" అంటారు. నేనూ ఒకసారి అలాగే అన్నాను. పిన్ని నా మొహంలోకి చూసి, "మంచికే. కానీ ఇరవై నుంచి ముప్ఫై రెండు దాకా పన్నెండేళ్ళే. ఒక పుష్కరం. అది ఎవరు తిరిగిస్తారే నాకు?" అంది. ఆ మాటకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

జపానులో 1966లో పుట్టిన ఆడపిల్లల్లో కికో అనే ఆమె ఉంది. 1990లో చక్రవర్తి రెండో కొడుకును పెళ్ళాడింది, ఇప్పుడు యువరాణి. రాజుగారింట్లోనే గుర్రం కోడలిగా అడుగుపెడితే ఏ ఉపద్రవమూ రాలేదు. అయినా నమ్మకాలకు సాక్ష్యాలు అక్కర్లేదు. గబ్బిలం ఒకచోట భాగ్యం, ఇంకొకచోట దౌర్భాగ్యం. గబ్బిలం మాత్రం రెండుచోట్లా ఒకే గబ్బిలం. ఎలుక ఏడనీ పాము ఏడనీ ఒక తల్లి చేతిలో ఆనవాలైనది, మరొకరి చేతిలో శిక్షాస్మృతి అయింది. తప్పు జంతువుదీ కాదు, నక్షత్రానిదీ కాదు.

నిన్న పిన్నికి ఫోను చేసి ఈ సంగతులన్నీ చెప్పాను. నిప్పు గుర్రం, మూల, పరాభవ, మూడూ నీకే పడ్డాయి అన్నాను. జపాను లెక్క విని కాసేపు మాట్లాడలేదు.

"నాలుగున్నర లక్షల మంది అసలు పుట్టనే లేదా?" అంది చివరికి. "అయితే నేనే నయమే. పుట్టాను."

మళ్ళీ పరాభవ వచ్చింది, గుర్రం కూడా వచ్చింది. పిన్నికి శ్రావణంలో అరవై నిండుతాయి. మనవైపు షష్టిపూర్తి మగవారి వయసును బట్టే చేస్తారు, పక్కన పీట మీద భార్య కూర్చుంటుంది. జపానులో అరవై నిండినవాళ్ళకు, ఆడైనా మగైనా, ఎర్రటోపీ, ఎర్ర చొక్కా తొడుగుతారు. చక్రం ఒక చుట్టు పూర్తయింది, మళ్ళీ పసిపిల్లవయ్యావు అని దాని అర్థం. నాకు ఆ పద్ధతి నచ్చింది.

"నీకు ఎర్రచీర కొంటున్నాను పిన్నీ. వీణకు గుడ్డ తీసి ఉంచు" అన్నాను.

"ఈ వయసులో ఎరుపేమిటే, నలుగురూ నవ్విపోతారు" అంది. పెట్టెయ్యబోతూ, "కొనేదేదో పెద్దంచు చూసి తీసుకో" అంది.